నాస్తికుని సత్యవ్రతము
(ఒక గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



1891వ సంవత్సరారంభమున లండనునకు సమీపమున నున్న బ్రూక్‌వుడ్ శ్మశానములో నొక నాస్తికుని ఖననము జరిగినది. అచట గుమిగూడిన జనములో, న్యాయశాస్త్రము చదువుటకై మన దేశమునుండి పోయిన 21 ఏండ్ల యువకు డొకడు నిలిచియుండెను. ఆతడే మోహనదాసు కరంచంద్ గాంధి. ఈ సంగతిని ఆయనయే తన ఆత్మకథలో వ్రాసియున్నాడు. దైవమును నమ్మిన గాంధి, దైవమును నమ్మని చార్లెస్ బ్రాడ్లాకు కడపటి మర్యాద చేయ నేల పోయెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి నా ఉద్దేశము.

బ్రాడ్లా 1833లో లండను నగరమున నొక న్యాయవాది గుమాస్తాకు జన్మించెను. చిన్ననాడే ఆదివారపు బడిలో పిల్లలకు బైబిలు బోధించుచుండెను. బిషప్పుగారి యెదుట విశ్వాసమును స్థిరపరచుకొను సంస్కారమునకు సిద్ధపడుమని గురువు చెప్పగా, ఆంగ్లేయ సంఘమువారి 39 విశ్వాససూత్రములను, నాలుగు సువార్తలను ప్రక్కప్రక్కన నుంచి చదివెను. అవి పొసగలేదు. సందేహము తీర్పుడని గురువునకు జాబు వ్రాసెను. సమాధానమునకు మారుగా నాస్తికుడను నిందయు, బడినుండి మూడు మాసముల బహిష్కారమును లభించినవి. అప్పటి కా బాలుడు నాస్తికుడు కాడు. అర్థము తెలియగోరిన క్రైస్తవుడు. కొలదికాలమునకే యిల్లు విడువవలసివచ్చెను.

పెరిగి పెద్దవాడై ఆయన చేసిన విమర్శను సంగ్రహముగా మనవి చేసెదను. మొదటిది గ్రంథమును గూర్చినది. మత్తయి సువార్తలో యేసు వంశావళి యొకటి. లూకా సువార్తలో మరియొకటి. యోసేపు తండ్రి పేరే రెండింట వేరు. ఇట్టి గ్రంథమును తప్పులేని దైవవాక్కని యెట్లు నమ్మవలెను? రెండవది ఇంతకంటె లోతైనది. నమ్మినవానికి మోక్షము, నమ్మనివానికి నిత్యనరకము అను సిద్ధాంతమును గూర్చినది. నమ్మకము మన యిచ్చవచ్చినట్లు తెచ్చికొనునది గాదు. సాక్ష్యము చాలినచో కలుగును, చాలనిచో కలుగదు. నమ్మలేకపోవుటయే పాపమైనచో, విచారణ చేయుటయే పాపమగును. ఇక దేవుడు లేడని ఆయన శపథము చేయలేదు. దేవుడను మాటకు మీరు చెప్పు నర్థము నాకు బోధపడలేదు, బోధపడనిదానిని నేను ఔననలేను, కాదననులేను అని 1864లో ప్రకటించిన తన చిన్న పుస్తకమున వాదించెను.

ఈ విశ్వాసము సంఘమునం దెట్టి ఫలములు ఫలించినదో 1889లో ఆయన మరియొక పుస్తకమున విచారించెను. బానిసత్వము, మంత్రగత్తెల వధ, పిచ్చివారిని దయ్యము పట్టినవారని హింసించుట, ఇవన్నియు శాస్త్రాధారముతో నడచిన దురాచారములే యని ఆయన వాదము. చరిత్ర యాతనికి సాక్షి. సువార్తను దేశదేశముల వ్యాపింపజేయుటకు వెలసిన ఆంగ్లేయ సంఘమువారి సొసైటీకి బార్బడోస్ దీవిలో చెరకుతోటలుండెడివి. అందు పనిచేయు బానిసల రొమ్ములపై ఆ సొసైటీ పేరు కాల్చి ముద్రవేసిరి. 1697లో ఎడింబరోలో ఐకెన్‌హెడ్ అను 20 ఏండ్ల విద్యార్థిని వేదదూషణ చేసెనని ఉరితీసిరి.

బానిసత్వమును నిర్మూలించుటకు పాటుపడిన విల్బర్‌ఫోర్సు క్రైస్తవుడు గాడా యని మీ రడుగవచ్చును. అగును, ఆ కీర్తిని తగ్గింపనక్కరలేదు. కాని బానిసలను కొన్నవాడు చదివినదియు, విడిపించినవాడు చదివినదియు నొకే గ్రంథము. గ్రంథము మారలేదు, చదువరి హృదయము మారినది. కాబట్టి ధర్మమును నిర్ణయించునది గ్రంథము కంటె వేరైన దేదో యున్నది. బ్రాడ్లా విమర్శకు సారమిదియేనని నా తలంపు.

ఈ వాదము పుస్తకములతో నిలువలేదు. ఆనాటి ఇంగ్లండులో దేవుని నమ్మనని నిజము చెప్పినవాని సాక్ష్యము న్యాయస్థానమున చెల్లదు. బైబిలు ముద్దిడి అబద్ధమాడువాడు సాక్షి. సత్యము పలికినవాడు అనర్హుడు! 1869లో గాని ఈ వింతకు చట్టము అడ్డుపడలేదు. ఆయన సహచరి అనీబిసెంటమ్మను మనమెరుగుదుము. తరువాతి కాలమున దివ్యజ్ఞానసమాజమున చేరి, మదనపల్లెలో కళాశాల నెలకొల్పి, 1917లో కాంగ్రెసు నధ్యక్షించిన యామెయే. నాస్తికురాలనియు, సంతాన నియమనమును గూర్చిన పుస్తకమును ప్రకటించెననియు 1878లో న్యాయస్థానమువా రామె ఒడినుండి కుమార్తెను వేరుచేసిరి.

1880లో చెప్పులు కుట్టువారి పట్టణమగు నార్తాంప్టను బ్రాడ్లాను పార్లమెంటునకు పంపినది. దైవప్రమాణమునకు మారుగా సత్యనిష్ఠతో ధ్రువీకరించెదనని ఆయన కోరెను, కూడదనిరి. పోనిండు, ప్రమాణమే చేసెదననెను. నమ్మనివాని ప్రమాణము చెల్లదనిరి. ఒక రాత్రి గడియార గోపురమున నిర్బంధించిరి. 1881 ఆగష్టులో నడుగిడబోగా పోలీసులచే ఈడ్పించిరి. నార్తాంప్టను ప్రజలు మాత్రము మరల మరల ఆయననే యెన్నుకొనిరి. 1886లో గాని ఆయనకు స్థానము దక్కలేదు. 1888లో ఆయనయే పట్టుబట్టి ప్రమాణముల చట్టమును మార్పించెను. 1891 జనవరి 27వ తేదీన, తొల్లి తాము చేసిన బహిష్కార తీర్మానమును పార్లమెంటువారు తమ గ్రంథములనుండి కొట్టివేసిరి. మృత్యుశయ్యపై నున్న యాతని కా వార్త తెలియదు. 30వ తేదీన కన్నుమూసెను.

ఇంతటి పెనుగులాటలోను ఆయన మనలను మరువలేదు. 1889లో గొప్ప జబ్బునుండి కోలుకొని బొంబాయి కాంగ్రెసునకు వచ్చెను. మన శాసనసభల సంస్కరణకై బిల్లు ప్రతిపాదించెను. తన మాటకు విలువలేకుండ చేసిన రాజ్యములో, మాటకు చోటులేని మన ప్రజల పక్షమున నిలిచెను. గాంధి శ్మశానమునకేల పోయెనో ఇప్పుడు తెలిసినదిగదా.

సోదరులారా! ఇదంతయు విని, క్రైస్తవమతమున నెన్ని లోపములో యని సంతసించి ఇంటికి పోదమా? 1878 కరవుకాలమున ఒంగోలు ప్రాంతమున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కండ్రు మాదిగలు. మన గుడితలుపు, మన బావిగట్టు వారి కేల మూసియుండెనో మన శాస్త్రములనే అడుగుడు. బ్రాడ్లా పట్టిన దివిటీ ఒక్క చర్చిలోనే వెలుగవలెనని నియమము లేదు.

మన రాజ్యాంగము దైవసాక్షిగా ననుటకును, మనస్సాక్షిగా ననుటకును సమానముగా తావొసగినది. ఇండ్లలో ఆ సమానత ఏది? నమ్మని కొడుకును వెలివేయు తండ్రు లింకను గలరు. మన యాంధ్ర నాస్తికుడు గోరా తన కుమార్తెను, అస్పృశ్యులని లోకము త్రోసిన కులమున పుట్టిన యువకున కీయదలచినపుడు, ఆ పెండ్లి తానే సేవాగ్రామమున జరిపింతునని గాంధి మాటయిచ్చెను; దైవమను పదమునకు మారుగా సత్యమను పదము నుంచుట కంగీకరించెను. ఆయన హత్యానంతరము, 1948 మార్చిలో ఆ వివాహ మచటనే జరిగినది. బ్రూక్‌వుడ్‌లో నిలిచిన యువకుని మర్యాద అంతవరకు నడచినది. మనమును మన యింటి గడపవరకైనను నడువవలదా?