నీరు రాయిగా మారిన వైనం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి నాకంటే బాగా మాట్లాడేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకే కార్యదర్శిగారు నన్ను వేరే సంగతేదైనా చెప్పమన్నారు. ఉద్యోగకాలమంతా నీటి పరీక్షల లేబొరేటరీలో బ్యూరెట్లతో గడిపినవాణ్ణి కనుక, నీరు రాయిగా మారే ముచ్చట ఒకటి మనవి చేస్తాను.

మీలో కొందరు పిల్లలతో రోమ్ చూసివచ్చారు. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియం బయటి గోడ, సెయింట్ పీటర్స్ ముంగిట బెర్నినీ నిలబెట్టిన స్తంభాల వరస ట్రావర్టిన్ అనే రాతితో కట్టినవి. అది రోమ్‌కు తూర్పున ఉన్న టివోలీ దగ్గరి క్వారీల రాయి. ఆ ఊరి పాత పేరు టిబూర్. టిబూర్ రాయి అన్నదే నోళ్లలో నాని ట్రావర్టిన్ అయింది. అమెరికాలో మన పిల్లల ఇళ్లలో కూడా కొందరు ఈ జాతి పలకలు వేయించుకుంటారు. వాటిని నిమ్మరసంతోనో యాసిడ్‌తోనో తోమకండి, కరుగుతాయి.

దీని పుట్టుక తెలియాలంటే గోలీసోడా గుర్తుచేసుకోవాలి. మనం బళ్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్ భూమి లోతున ఒత్తిడికి నీటిలో కరిగి ఉంటుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగించుకుంటూ వచ్చి ఊటగా పైకి పొంగుతుంది. గోలీ కొట్టగానే గ్యాసు పోయినట్టు ఇక్కడా వాయువు పోతుంది. అది పోయాక సున్నం నీటిలో నిలవలేక పొరలుగా పేరుకుంటుంది. స్నానాలకు నీళ్లు కాచే కాగులో తెల్లగా పెచ్చుకట్టేదీ ఆ పదార్థమే.

అంతవరకు సులువు. ఆ వాయువు ఎక్కడిది అన్నదే అసలు చిక్కు. కార్బన్‌లో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి. బరువుది నూటికి ఒక్కపాలు మాత్రమే. మొక్కలు తేలికదాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. అందుచేత మట్టిలోంచి వచ్చిన వాయువుతో కట్టిన రాయిలో తేలిక రకం వాటా హెచ్చుగా ఉంటుంది. బొర్రా వంటి గుహల్లో చుక్కచుక్కగా కారి పెరిగేవి సాధారణంగా ఈ కోవకు చెందుతాయి. టివోలీ రాయి ఇందుకు విరుద్ధం. దానిలో బరువు కార్బన్ సముద్రపు సున్నపురాతిలోకంటే కూడా ఎక్కువ. అంటే లోతున అగ్నిపర్వత వేడికి సున్నపురాయి ఉడికి వదిలిన వాయువు అందులో ఉందన్నమాట.

అయితే వాయువు గబగబా ఎగిరిపోతే తేలికది ముందు పోయి బరువుది మిగులుతుంది. అందువల్ల ఒక్క అంకె చూసి తీర్పు చెప్పడం కుదరదు. నేటి ఊట కాలువల్లో గాజుపలకలు ఉంచి, వాటిమీద పేరుకున్న కొత్త పొరనూ నీటినీ కలిపి పరీక్షించి, ఆ కొలతతో పాత రాతిని పోల్చాలి. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. లేబొరేటరీ మనిషికి పోలిక లేకుండా నిద్రపట్టదు.

ఇక వయసు. కార్బన్-14 ఇక్కడ నమ్మదగ్గది కాదు. లోతునుంచి వచ్చిన కార్బన్ వల్ల నిన్నటి పొర కూడా వేల ఏళ్లదిగా కనబడుతుంది. దానికి యురేనియం మేలు. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. పొర కట్టిన రోజున థోరియం ఉండదు. యురేనియం క్షీణించేకొద్దీ పుడుతుంది. దాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది. మట్టి కలిసిన ముక్కను మాత్రం పక్కన పెట్టాలి, మట్టిలో దాని సొంత థోరియం ఉంటుంది. ఈ లెక్కన టివోలీ పొరలు సుమారు 1,15,000 ఏళ్ల క్రితం మొదలై సుమారు 30,000 ఏళ్ల క్రితం వరకు పేరుకున్నాయి. మధ్యమధ్య ఆగాయి కూడా. భూగర్భ జలమట్టం దిగినప్పుడు ఊట తగ్గి, కట్టిన రాయే కోతకు గురైంది.

ఆ బయలులో ఆక్వే ఆల్బులే ఊటలు, అంటే తెల్లని నీళ్లు, గంధకపు వాసనతో సుమారు 23 డిగ్రీల వేడిమితో నేటికీ ఉన్నాయి. కానీ 2000 తర్వాత, క్వారీలకూ ఇతర అవసరాలకూ నీరు తోడేయడంతో జలమట్టం పడిపోయి, నేల కుంగి, అక్కడి ఇళ్ల గోడలు బీటలు వారాయి. మునుపు వాతావరణం వేల ఏళ్లలో దించిన నీటిని ఈసారి పంపులు కొన్నేళ్లలోనే దించాయి.