నాలుక జారిన మాట, చేయి పంచిన పాపం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా నా మనస్సుకు, పిదప మీకు దైవభీతిని బోధిస్తున్నాను. మనిషి నోట వెలువడే ప్రతి మాటనూ నమోదు చేయడానికి ఒక పర్యవేక్షకుడు అతని చెంతనే సిద్ధంగా ఉంటాడని దివ్యఖుర్ఆన్ ‘ఖాఫ్’ సూరాలో (50:18) అల్లాహ్ తెలియజేశాడు. మన పెద్దలు ఈ సత్యాన్ని చూడకుండానే విశ్వసించారు. మనమైతే దాని చిన్న పోలికను ప్రతిరోజూ కళ్ళారా చూస్తున్నాము.

2006 నవంబరు 17వ తేదీ రాత్రి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో మైకేల్ రిచర్డ్స్ అనే ప్రసిద్ధ హాస్యనటుడు వేదికపై ఉన్నాడు. ప్రేక్షకులలో కొందరు నల్లజాతి వారు తన ప్రదర్శనకు అడ్డు తగిలారన్న కోపంతో వారి జాతిని దూషిస్తూ ఘోరమైన మాటలు పలికాడు. ప్రేక్షకులలో ఒకరి సెల్‌ఫోను ఆ దృశ్యాన్ని బంధించింది. 20వ తేదీన అది లోకమంతా పాకింది. అదే రాత్రి ఆయన టెలివిజన్‌లో క్షమాపణ చెప్పుకున్నాడు. సంవత్సరాలు గడిచాయి. ఆ కొద్ది నిమిషాలు మాత్రం ఆయన పేరును విడువలేదు.

సోదరులారా! ఇటువంటి తప్పిదం దైవప్రవక్త (స) సహచరులలో ఒకరి వల్ల కూడా జరిగింది. హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎత్తిపొడిచారు. అది విన్న దైవప్రవక్త (స), నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉన్నదని ఆయనను మందలించారు. సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు ధరించేదే వారికి తొడగండి అని ఉపదేశించారు. తరువాతి కాలంలో ఒకరు హజ్రత్ అబూజర్ (రజి)ను కలిసినప్పుడు, ఆయన ఒంటిపై ఉన్నటువంటి వస్త్రమే ఆయన సేవకుని ఒంటిపై కూడా ఉన్నది. కారణమేమని అడిగితే ఆయన దాచలేదు, తన పాత తప్పును తానే వివరించారు. బుఖారీ గ్రంథంలోని హదీసు ఇది. అక్కడ మందలింపు కఠినంగానే ఉన్నది, అయినా అది ఒక మనిషిని బాగుచేసింది. ఆయన పశ్చాత్తాపం నోటి మాటతో ముగియలేదు, కట్టుకునే బట్టలో కనిపించింది.

మరి నేడు మనం ఏమి చేస్తున్నాము? మన దేశంలోనే 2025 ఫిబ్రవరిలో జరిగిన సంగతి చూడండి. రణ్‌వీర్ అల్హాబాదియా అనే యువకుడు ఒక ఆన్‌లైన్ హాస్య కార్యక్రమంలో తల్లిదండ్రులను గురించి నోట పలకకూడని ప్రశ్న వేశాడు. అది నిస్సందేహంగా అసభ్యమే. సుప్రీంకోర్టు ఆయనకు అరెస్టు నుండి తాత్కాలిక రక్షణ ఇస్తూనే ఆ మాటలను తీవ్రంగా తప్పుపట్టింది. అయితే రోగుల వలె నటిస్తూ కొందరు తన తల్లి క్లినిక్‌లోకి చొరబడ్డారని, తనను చంపుతామని బెదిరింపులు వస్తున్నాయని ఆయన వెల్లడించాడు. తల్లి గౌరవం కోసం ఆగ్రహించినవారు మరొక తల్లిని భయపెట్టడం ఎటువంటి న్యాయం?

తన తల్లిదండ్రులను తానే తిట్టుకోవడం మహాపాపాలలో ఒకటని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అది ఎలా సాధ్యమని సహచరులు ఆశ్చర్యపోగా, ఇతడు ఇంకొకని తండ్రిని తిడతాడు, అతడు తిరిగి ఇతని తండ్రిని, తల్లిని తిడతాడు అని వివరించారు. నేటి వీడియోల కింద కనిపించే వ్యాఖ్యలు ఈ హదీసుకు వ్యాఖ్యానమే కదా!

ఇక నా సంగతి చెప్పుకోవాలి. ఈ మింబరుపై నిలబడి ఇతరుల తప్పులు మాత్రమే చెప్పడం నాకు తగదు. రెండేళ్ళ క్రితం ఒక మౌలానా గారి ప్రసంగంలోని నలభై సెకన్ల ముక్క నా ఫోనుకు వచ్చింది. ఆయన పలికిన మాట నాకు ఘోరంగా తోచింది. “ఇన్నాలిల్లాహ్” అని రాసి, రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పంచాను. మూడు రోజుల తరువాత పూర్తి ప్రసంగం విన్నాను. ఆయన ఆ మాటను ఖండించడానికే ఉదహరించారు, ఖండనను ఎవరో కత్తిరించివేశారు. నేను వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాను. ఆయన నన్ను కౌగిలించుకొని, “నేను క్షమించాను మౌలానా. కానీ నా మనుమడు బడికి వెళ్ళడం మానేశాడు. అక్కడి పిల్లలకు ఎవరు చెబుతారు?” అన్నారు. ఆ ప్రశ్నకు నా వద్ద నేటికీ సమాధానం లేదు. అదే గ్రూపులో నా తప్పును ఒప్పుకుంటూ రాశాను. మొదటి వీడియోను పంచినంత మంది దానిని పంచలేదు.

విన్నదానినంతా ఇతరులకు చెప్పడమే ఒక మనిషి అబద్ధీకుడనడానికి చాలునని ముస్లిం గ్రంథంలోని హదీసు. విశ్వాసుల మధ్య అశ్లీలం వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాలలో బాధాకరమైన శిక్ష ఉన్నదని ‘నూర్’ సూరా (24:19) హెచ్చరిస్తున్నది. ఆ ఆయతు పలికినవాని గురించి మాత్రమే కాదు, వ్యాప్తిని కోరేవాని గురించి!

అంటే దౌర్జన్యాన్ని చూసి మౌనం వహించమని కాదు. లాస్ ఏంజెలెస్‌లో అవమానం పొందినవారికి ఆ వీడియోయే సాక్ష్యమైంది. సాక్ష్యం వేరు, వినోదం వేరు. సాక్ష్యాన్ని న్యాయం చేయగలవారికి అందించండి. తప్పు చేసినవానికి నేరుగా చెప్పండి. అతని తల్లిని, భార్యాబిడ్డలను మధ్యకు లాగకండి. ఏ వీడియో అయినా మొదలు నుండి చివర వరకు వినకుండా ముందుకు పంపకండి. విన్న తరువాత కూడా, దీనివల్ల ఎవరికి మేలు అని ఒక్కసారి ప్రశ్నించుకోండి.

ఈ రోజు నమాజు ముగిసి ఇంటికి వెళ్ళాక మీ ఫోనులో చూడండి. మీరు పంచిన ముక్క ఏదైనా ఎవరినైనా గాయపరచి ఉంటే, తొలగించండి. ఎక్కడ పంచారో అక్కడే తప్పును ఒప్పుకోండి. వీలైతే ఆ ఇంటి తలుపు తట్టండి.

ఓ అల్లాహ్! మా నాలుకలను, మా వేళ్ళను నీ భీతితో కట్టివేయి. మా లోపాలను కప్పినట్లే ఇతరుల లోపాలను కప్పే మనసును మాకు ప్రసాదించు. మా వల్ల గాయపడినవారి హృదయాలను నీ కారుణ్యంతో మాన్పు. ఆమీన్.