ఆటల పాటకు ఆర్కెస్ట్రా

ఎలమంచిలి రైల్వే స్టేషన్లో బండి కోసం ఎదురుచూసే కుర్రాళ్ల ఫోన్లలో వినిపించే వీడియో ఆటల సంగీతానికి పెద్ద చరిత్రే ఉంది.

1987 ఆగస్టు 20న టోక్యోలో స్వరకర్త కోయిచి సుగియామా 'డ్రాగన్ క్వెస్ట్' ఆట బాణీలను వాద్యబృందంతో కచేరీగా వినిపించారు. ఆ ఆట ఆడే ఫామికామ్ యంత్రానికి ఉన్నవి ఐదే ధ్వని మార్గాలు. అందులో రాగం పలికించడానికి పనికొచ్చేవి ప్రధానంగా మూడు! అంత ఇరుకులోనే ఆయన వాద్యబృందానికి సరిపడే సంగీతాన్ని ఊహించారు. అదే అసలు గొప్పతనం. తర్వాత లండన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం కూడా ఆ సంగీతాన్ని రికార్డు చేసింది.

ఇలాంటి కచేరీలు జపాన్ దాటడానికి మాత్రం పదహారేళ్లు పట్టింది. 2003లో జర్మనీలోని లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌లో ఆటల సంగీత కచేరీ జరిగింది. 2005లో అమెరికాలోని హాలీవుడ్ బౌల్ వేదిక వంతు.

'సివిలైజేషన్ 4' ఆటకు క్రిస్టఫర్ టిన్ కట్టిన 'బాబా యేతు' స్వాహిలీ ప్రార్థనాగీతం. 2011లో దానికి గ్రామీ దక్కింది; ఆటల సంగీతానికి అదే తొలి గ్రామీ.

ఆటల సంగీత కచేరీకి వెళ్లేవారు ఒక్కసారైనా ఆట దృశ్యాలు చూపే తెర మీద నుంచి చూపు మరల్చి వాద్యకారుల్ని చూడాలి. ఆటలో ఆటగాడు ఒకచోట ఉన్నంతసేపూ బాణీ తిరిగి తిరిగి మోగుతుంది. వేదిక మీద అలా కుదరదు గనక, స్వరకర్త దానికి కొత్తగా ముగింపు రాయాల్సి వస్తుంది.