మోటుపల్లి అభయం, కౌలు రైతు కాగితం



చట్టబద్ధ పాలనకూ ఆర్థికాభివృద్ధికీ ఉన్న సంబంధం అనగానే మనం ఆర్థికవేత్త డగ్లస్ నార్త్‌తో మొదలుపెడతాం. 2024 ఆర్థిక నోబెల్ తర్వాత ఏస్‌మోగ్లు, జాన్సన్, రాబిన్సన్ల పేర్లూ తోడయ్యాయి. తప్పక చదవాల్సినవాళ్లే. నేను మాత్రం మోటుపల్లి నుంచి మొదలుపెడతాను. బాపట్ల జిల్లాలోని ఆ తీరగ్రామంలో, వీరభద్రస్వామి ఆలయంలో, కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది.

తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనమే చెబుతుంది. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల పట్ల దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, మిరియాల వంటి సరకులకు ఎంతెంతో విడిగా చెక్కించాడు కూడా.

ఆ దయను నేను తక్కువ చేయను. కానీ అసలు బలం ఆ రేట్ల పట్టికలో ఉంది. దూరదేశపు వర్తకుడికి మన రాజు మంచివాడో కాదో తెలిసే దారి లేదు. చేతికి ఎంత మిగులుతుందో ముందే తెలిస్తే సరకు ఎక్కిస్తాడు. రాజు వదులుకున్నది ఎప్పుడో ఒకసారి దొరికే ఓడ సొమ్ము, సంపాదించుకున్నది ఏటేటా వచ్చే సుంకం.

అయితే కాకతీయులు పోయాక, 1358లో, అదే రేవులో కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చింది. రాజు మారితే మాట చెల్లదన్న భయం వర్తకుడికి ఉన్నంతకాలం అది రాజుగారి మాటే, ఇంకా చట్టం కాలేదు.

మాట చట్టంగా నిలవని ఆ చిక్కు ఇవాళా ఉంది, చూడాలంటే రేవు వదిలి డెల్టా పొలాల్లోకి రండి. అక్కడ కౌలు ఒప్పందం ఎక్కువగా నోటిమాటే. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇస్తానంది. 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తానంది, కాకపోతే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందని ఆయన భయం. కాగితం లేదు కనుక బ్యాంకు అప్పు ఇవ్వదు, కౌలు రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు నేల బాగు కోసం ఖర్చు ఎందుకు పెడతాడు?

కంపెనీలతో కుదిరిన ఒప్పందాల విషయంలో మనకు చట్టబద్ధ పాలన గుర్తొస్తుంది, కౌలు ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి సంక్షేమం గుర్తొస్తుంది. ఈ తేడాను నేను ఒప్పుకోను. రెండూ ఒప్పందాలే, రెండింటి వెనుకా పెట్టుబడి ఉంది. అందుకే యువ పరిశోధకులను కోరుతున్నాను: చట్టం పాఠంతో ఆగకండి. ఒక ఊరు తీసుకోండి. కౌలు చేస్తున్నవాళ్లెవరు, పత్రం అందినవాళ్లెవరు, అందనివాళ్లు ఏ వడ్డీకి అప్పు తెచ్చారు, ఇంటింటికీ వెళ్లి రాసుకురండి.