వరద కబురు ఎట్లు చెప్పవలెను?



ఈ శతవార్షిక సందర్భమున వరదలను గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. చక్రాయపేట ప్రాంతమున మనము వాన కొరకు ఎదురు చూచినవారమే గాని, ఏరు పొంగినదని పరుగెత్తినవారము కాము. పాపాఘ్ని చాల నెలలు వట్టి ఇసుకయే. ఆ ఇసుకలో చెలమలు తీసుకొంటిమి, గొఱ్ఱెలు తోలుకొంటిమి. ఎండిన ఏటికి భయపడువాడెవడు? చిక్కంతయు అక్కడనే ఉన్నది.

2021 నవంబరు 19వ తేదీని జ్ఞాపకము చేసికొందము. అప్పటి మన కడప జిల్లాలోనే, రాజంపేట సమీపమున చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఉదయమున తెగిపోయినది. ఎగువనున్న పింఛ ప్రాజెక్టు కట్ట అంతకుముందే తెగినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలగు గ్రామములపై నీరు విరుచుకొని పడినది. ఆ దినము కార్తీక పౌర్ణమి. శివాలయమున దీపములు పెట్టబోయిన వారిని కూడ ఏరు పొట్టన పెట్టుకొన్నది. ముందుగానే చెప్పితిమని అధికారులు అనిరి. తమకు కబురు సరిగా అందలేదని గ్రామస్థులు అనిరి. ఈ రెండు మాటలును ఒకేసారి నిజము కావచ్చును. పంపిన కబురు వేరు, చేరిన కబురు వేరు. ఆ దినములలోనే వెలిగల్లు జలాశయమునుండి వదలిన నీటికి కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కూలినది. అది మన యేరే గదా!

సరిగా అదే తేదీన, 1977 నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచినది. తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పకపోలేదు. కాని తుపాననగా గాలి, వాన అని జనులు తలంచిరి. సముద్రము సుమారు అయిదు మీటర్ల యెత్తున లేచి ఊళ్లమీదికి వచ్చునని వారికి తెలిసిన మాటలలో చెప్పినవారు లేరు. ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించిరి. రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికల నంబర్లు ఓడలవారి కొరకు ఏర్పడినవి. గుడిసెలోని కూలికి పదవ నంబరనగా నేమి? నేటికిని లక్ష క్యూసెక్కులు, ఆరెంజ్ అలర్ట్ అని చెప్పుచున్నారు. ఇంజనీరుకు అవి సరియైన మాటలే, కాదనము. అయితే ఏటి గట్టున పరుండిన ముసలమ్మకు కావలసినది నీరు ఎంతవరకు వచ్చును, ఎప్పుడు వచ్చును, తాను ఎక్కడికి పోవలెను అనునది.

గనుక కబురు మన యాసలోనే ఉండవలెను. “పైన కట్ట నీళ్లు ఇడిసినారు. పొద్దు గుంకేలోపల యేటికి నీళ్లొస్తాండాయి. యేటిపక్క వాండ్లంతా ఇప్పుడే మిట్టమీద బడికి పోండి. గొడ్ల పలుపులు ఇప్పండి.” ఇంతే. చెప్పినదెవరో కూడ చెప్పవలెను, లేనియెడల పుకారని కొట్టివేయుదురు. పశువుల మాట చేర్చుట చిన్న సంగతి కాదు. కట్టివేసిన ఎనుమును విడిచి ఏ రైతు కదలును?

ఇక కబురు ఎవరికి చేరదో చూడవలెను. 2023లో కేంద్ర ప్రభుత్వము సెల్‌ఫోన్లకు పెద్ద మోతతో హెచ్చరిక పంపి పరీక్షించినది. మంచి పద్ధతియే. కాని ఇంటిలో ఒక్క ఫోను ఉండి, అది భర్త జేబులో ప్రొద్దుటూరు పోయినయెడల? చెవులు వినిపించనివారికి మైకు పనికిరాదు, తట్టి లేపవలెను. ఉర్దూ మాట్లాడు ఇండ్లకు అదే మాట మసీదు మైకులో ఉర్దూలో పోవలెను. గుడి మైకువారితో కూడ ముందే మాట్లాడుకొనవలెను. గొఱ్ఱెల మందలతో ఏటిలోనే రాత్రి గడుపు కాపరులను మరువరాదు.

పూర్వము దండోరా ఉండెడిది. తప్పెట కొట్టి ఊరంతటిని మేల్కొలిపినవాని వాడయే చాలచోట్ల వంక ఒడ్డున, పల్లమున ఉండెడిది. మన సంఘస్థులలో అనేకుల పితరులు ఆ వాడలవారే. కబురు ఊరి నడుమ మొదలై వాడకు కడపట చేరుట ఇకనైన తిరుగబడవలెను. పల్లమునకే మొదట చెప్పవలెను.

మన దేవాలయపు గంట ఇందుకు ఉపయోగపడును. అయితే ఆదివారపు గంటకును మరణపు గంటకును పోలని మోతను నిర్ణయించుకొని, ఏటేట ఒకసారి మ్రోగించి అందరికి వినిపించవలెను. నీరు రాకపోయిన దినమున ఎందుకు రాలేదో కూడ మైకులో చెప్పవలెను; మౌనముగా ఊరకుంటిమా, మరుసారి ఎవరును లేవరు.

అక్టోబరు వానలు రాకముందే సంఘ కమిటీలో రెండు సంగతులు తేల్చుకొందము. గంట తాడు పట్టువారెవరు, వారు ఊరిలో లేనినాడు ఎవరు? నడవలేనివారు ఏయే ఇండ్లలో ఉన్నారు, ఒక్కొక్కరిని మిట్టకు చేర్చు ఇద్దరు ఎవరు? ఆ పేర్లు వ్రాయుటకు ఒక నోటుపుస్తకము కార్యదర్శిగారి వద్ద ఉంచితిమి.