మనతో మనం చెప్పుకునే మాట
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సొసైటీ పని మీద మేము ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఫీజులు, మందులు, పెళ్ళి ఖర్చుల సంగతులతో పాటు ఇంకొక మాట కూడా వినబడుతూ ఉంటుంది. "నా వల్ల ఏమవుతుందండీ?" పరీక్ష తప్పిన కుర్రవాడూ అదే అంటాడు, కుట్టుమిషను మీద ఇల్లు నడిపే తల్లీ అదే అంటుంది. పరాయివాడు తిడితే ఒక పూట బాధ. మనల్ని మనమే తిట్టుకుంటే అది రాత్రింబవళ్ళు వదలదు.

దీనికి విరుగుడుగా మంచి మాటను పదేపదే అనుకోవాలనే పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో మందుల షాపు నడిపిన ఎమీల్ కూయే (1857–1926) తన దగ్గరకు వచ్చినవారిని, తాము కోలుకుంటున్నామని రోజూ అనుకోమనేవారు.

అయితే వట్టి పొగడ్త అందరికీ పనిచేయదు. కెనడాకు చెందిన జోయాన్ వుడ్ బృందం 2009లో ఒక పరిశోధన ప్రచురించింది. తమపై తమకే చిన్నచూపు ఉన్నవారు తాము ఎంతో ఇష్టపడదగినవారమని పదేపదే అనుకుంటే, అనుకోనివారికంటే ఎక్కువ కుంగారని అందులో తేలింది. మనసు ఒప్పుకోని మాట చెబితే, లోపలి నుంచి "అబద్ధం" అని జవాబు వస్తుంది మరి!

కనుక చెప్పుకునే మాట చిన్నదైనా నిజమైనది కావాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దలు రేపల్లె, బాపట్ల వైపు ఇంకా ఉన్నారు. "ఆనాటిదే దాటాం, ఇదీ దాటుతాం" అని వారు అనుకుంటే అది పొగడ్త కాదు, సాక్ష్యం. పరీక్ష తప్పినవాడు "నేనే ఫస్టు" అనుకోనక్కర్లేదు. "ఒక్క పేపరే మిగిలింది, రేపు ఫజర్ తరువాత ఒక పాఠం చదువుతాను" అనుకుంటే చాలు. ఆ తల్లి "ఈ చేతులతోనే పిల్లల్ని చదివిస్తున్నాను" అనుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు తనలో తాను అనుకునే మాట ముందు మన నోటి నుంచే వెళుతుంది. కోపంలో మనం "నికమ్మా" అన్నది వాడు పెద్దయ్యాక కూడా తనను తాను అనుకుంటూనే ఉంటాడు.

మాట మందుకు బదులు కాదు. రెండు వారాలైనా నిద్ర, ఆకలి సరిగా లేక, దేని మీదా మనసు పోకపోతే డాక్టరును కలవాలి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అది సబర్ తక్కువై వచ్చిన జబ్బు కాదు. చెప్పుకుంటే పరువూ పోదు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు, ఇవాళ చేసిన ఒక్క మంచి పనిని గుర్తు చేసుకుని, "ఇది నేను చేశాను" అనుకుందాం. రేపటి పని అక్కడి నుంచి మొదలుపెడదాం.

సెలవు. ఖుదా హాఫిజ్.