లైన్ బాక్సు

నాకు పావుగంట ఇచ్చారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది నిమిషాలు లెక్కపెట్టి ఉద్యోగం చేసిన రిటైర్డ్ డ్రైవర్లు, గార్డులు గనక లేటు చెయ్యను.

ఇవాళ మనం ఆవిష్కరిస్తున్న కథల పుస్తకం రాసిన కుర్రాణ్ణి పొద్దున అడిగాను, "మీదే ఊరు నాయనా?" అని. తడుముకున్నాడు. తాత అరక్కోణం నుంచి ఫైర్‌మన్‌గా వచ్చాడట. అవ్వది అల్లూరు. "మాకు సొంతూరంటూ లేదు సార్" అన్నాడు. నాకా మాట రుచించలేదు, ఈ బిట్రగుంటే అతని సొంతూరు.

మద్రాసు-విజయవాడ లైను మీద బొగ్గు ఇంజన్లకు ఇక్కడ లోకో షెడ్డు పెట్టబట్టే ఈ ఊరు ఊరైంది. తెలుగువాళ్ళు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, ఎవరొచ్చినా బదిలీ కాగితం పట్టుకునే వచ్చారు. కొండ బిట్రగుంటకు వేంకటేశ్వరస్వామి ఉన్నాడు, స్థలపురాణం ఉంది. మనకు షెడ్డే స్థలపురాణం. కరెంటు ఇంజన్లు వచ్చాక అదీ మూతపడింది. దాని గురించి దశాబ్దాలుగా విన్న వాగ్దానాలు ఈ సభలో ఎత్తను, భోజనాల వేళ దాటిపోతుంది.

వేదిక మీద ఆ రేకుపెట్టె చూశారు కదా? ఈ కుర్రాడి తాత డ్యూటీకి వెంట తీసుకెళ్ళిన లైన్ బాక్సు. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, హోదా, కింద మన స్టేషన్ కోడు బీటీటీఆర్. ఇందాక మూలలో వేలుపెట్టి చూశాను, నల్లగా అంటింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా!

ఇతని మొదటి కథలో ఆ పెట్టె ఉంది. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని తలుపు కొడతాడు. తాత సంతకం పెడుతుండగానే అవ్వ పొయ్యి రాజేస్తుంది. కథంతా ఆమె వైపు నుంచే. ఆయన ఏ బండి మీద పోతున్నాడో ఆమెకు తెలియదు, ఎన్ని ముద్దలు కట్టాలో తెలుసు. "యాడికి బోతుండావు?" అని మాత్రం అడగదు, డ్యూటీకి పోయేవాణ్ణి అలా అడగకూడదని. ఈ కథను ఒక పత్రిక తిప్పి పంపిందట, మాటలు 'సరిచేసి' పంపమని. సరిచేస్తే అవ్వ నోట్లో ఇంకేం మిగులుతుంది?

యాస కథకు అడ్డం కాదు, పక్కనున్న కావలిని చూడండి. జవహర్ భారతి కాలేజీలో కె.వి. రమణారెడ్డిగారి లాంటి పండితుడు పాఠం చెప్పిన ఊరు. ఆ కావలి కుర్రాడే మహమ్మద్ ఖదీర్‌బాబు. నెల్లూరు యాసలో, ముస్లిముల ఇంటి మాటలతో 'దర్గామిట్ట కతలు' రాశాడు, 1999లో పుస్తకంగా వచ్చింది. తెలుగు పాఠకులు ఆ యాసను ముద్దు చేసి చదువుకున్నారు. తర్వాత 'న్యూ బాంబే టైలర్స్'లో రెడీమేడ్ దుస్తులొచ్చి చితికిపోయిన దర్జీని చూపించాడు. ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు మన షెడ్డే గుర్తొస్తుంది. అక్కడ కత్తెర, ఇక్కడ బొగ్గు పార. చెయ్యి తిరిగిన పనివాడు ఒక్కసారిగా అక్కరలేనివాడు కావడం రెండుచోట్లా ఒకటే.

అందుకే ఈ అబ్బాయి లేని చేలగట్లను, చూడని ఎడ్లబండిని అరువు తెచ్చుకోలేదని నాకు సంతోషం. ఒక్క కథలో మాత్రం తెచ్చుకున్నాడు, అది తేలిపోయింది. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

పుస్తకం అమ్మితే వచ్చిన డబ్బుతో క్వార్టర్ల పిల్లలకు చదువుకునే గది ఒకటి పెట్టాలని ఇతని ఆశ. కథల పుస్తకం మీద ఎంతొస్తుందో నాకు తెలుసు, బల్లకు కూడా చాలదు. బల్ల నేనిస్తాను. ఆ గదిలో ముందు ఒక నోటుపుస్తకం పెట్టండి. షంటింగు, రన్నింగ్ రూము, కాటన్ వేస్టు, ఇలాంటి మాటల వెనకున్న బతుకును ఈ పెద్దవాళ్ళ చేత చెప్పించి రాయించండి. జువ్వలదిన్నె పట్టపు జాలర్ల దగ్గరికీ, కాలవగట్ల యానాదుల దగ్గరికీ వెళ్ళండి. వాళ్ళ పిల్లలే వచ్చి రాస్తే ఇంకా మేలు.

ఇప్పుడు ఆ అవ్వ కథ చదువుతాడు. ముందు వరసలో కూర్చుంది ఆవిడే. అమ్మా, మనవడు ఎక్కడన్నా తప్పు చదివితే మధ్యలోనే ఆపండి.